నురగ మీసం

పోయిన వారం వాట్సాప్‌లో ఒక ఫ్లెక్సీ ఫోటో వచ్చింది. జగిత్యాల దగ్గర ఒక పల్లెలో, బస్సులు ఆగే చోట, రెండు వెదురు బొంగులకు కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. మధ్యలో మా కాకా. చుట్టూ పువ్వులు, పైన రెండు పావురాలు, కింద వరసగా కుటుంబసభ్యుల పేర్లు. అన్నీ పద్ధతిగానే ఉన్నాయి, ఒక్క మీసం తప్ప. ఫ్లెక్సీలో ఆయన పై పెదవి మీద వేలెడు మందాన తెల్లటి మీసం ఉంది. ఆయనకు ఎన్నడూ అంత మీసం లేదు. ఉన్నదల్లా పెన్సిలుతో గీసినట్టు సన్నటి గీత, దానికి కూడా శుక్రవారం శుక్రవారం నల్లరంగు వేసుకునేవాడు.

ఆ తెల్ల మీసం నురగ. కువైట్‌లో ఒక ఐరిష్ పబ్బులో, నేను బలవంతాన తాగించిన గ్లాసులోని నురగ. ఆ ఫోటో తీసింది నేనే. గ్లాసు కనబడకుండా కత్తిరించి వాళ్ళబ్బాయికి పంపిందీ నేనే. ఫ్లెక్సీ వేసినతను దాన్ని మీసమే అనుకుని, కొసలు సాపు చేసి, ఇంకాస్త తెల్లగా దిద్ది పెట్టాడు. ఊళ్ళో జనం నిలబడి చూసి "కువైట్‌ల ఉన్నప్పుడు మీసం మంచిగ పెంచిండు" అనుకుంటున్నారట.

ఒక మనిషి సొంత ఊళ్ళో ఆఖరిసారి తనది కాని మీసంతో నిలబడవలసి వచ్చిందంటే ఆ పుణ్యం పూర్తిగా నాది. ఆయన విషయంలో నేను చేసిన తప్పుల్లో ఇది రెండోది. మొదటిదాని పక్కన పెడితే ఇది తప్పే కాదు. ఆ మొదటిది కూడా ఈ కాగితం మీద చెప్పాలనే కూర్చున్నాను.

ఆయన కువైట్‌లోని షుఐబాలో మా కాంట్రాక్టు కంపెనీకి స్కాఫోల్డింగ్ మేస్త్రీ. ఎత్తులో పనిచేసేవాళ్ళు నిలబడడానికి ఇనుప గొట్టాలతో కడతారే, ఆ మంచెలు కట్టించే మనిషి. మా వైపు ఆ వయసువాళ్ళను చిన్నాయనా అంటాం. ఫర్వానియాలో మా రూములో ఆరుగురిలో నలుగురు జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు కాబట్టి రాజంపేట నుంచి వచ్చిన నాకు కూడా ఆయన కాకానే అయ్యాడు.

దేన్నయినా సరే, ఊపి చూడందే నమ్మేవాడు కాదు. కుర్చీలో కూర్చునే ముందు వీపు పట్టుకుని ఒకసారి కదిలించేవాడు. లిఫ్టు ఎక్కే ముందు తలుపు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. చాయ్ గ్లాసును కూడా బల్ల మీద రెండుసార్లు తట్టి గానీ నోటి దగ్గర పెట్టుకునేవాడు కాదు. ఎందుకు కాకా అని అడిగితే, "ఊగనిదానితోని భయం లేదు బిడ్డా. ఊగేదానితోని గూడ లేదు, అది ముందుగాలనే చెప్తది. ఊగీ ఊగనట్టు ఉంటది సూడు, గదే మనిషిని కింద పడేస్తది" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నా వైపు చూసేవాడేమోనని ఇప్పుడు అనుమానం వస్తుంది.

మంచె కట్టడం అయ్యాక దానికి ఒక ట్యాగు తగిలిస్తారు. పచ్చదైతే ఎక్కొచ్చు, ఎర్రదైతే కాలు పెట్టకూడదు. చూసిన తేదీ, చూసినవాడి సంతకం, మళ్ళీ చూడవలసిన తేదీ దాని మీద రాయాలి. వారం దాటితే మళ్ళీ చూడాల్సిందే. కాకా జేబులో ఎప్పుడూ రెండు రంగులవీ నాలుగైదు ఉండేవి. రూములో కాలు విరిగిన కుర్చీకి ఎర్ర ట్యాగు. షాకు కొట్టే గీజరుకు ఎర్ర ట్యాగు. నేను వండిన సాంబారు గిన్నెకు ఒకసారి ఎర్ర ట్యాగు కట్టి, తేదీ వేసి, సంతకం కూడా పెట్టాడు. సంతకం తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా, పలక మీద దిద్దినట్టు పెట్టేవాడు. మా రూములో పచ్చ ట్యాగు దక్కిన వస్తువు ఒక్కటే, ఆయన అన్నం వండే కుక్కరు.

ఇంకొక అలవాటు ఉండేది. ఫర్వానియాలో కంపెనీ బస్సు ఎక్కేటప్పుడు నేను ఆయనకు బిడ్డను. బస్సు షుఐబా గేటు దాటగానే సారును. టైమ్ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, గంట క్రితం తన పక్కన కూర్చుని తన భుజం మీద నిద్రపోయిన నాకు, "సారు, సలాం" అని చెప్పేవాడు. ఆఫీసు లోపలికి రమ్మన్నా రాడు. సాయంత్రం బస్సు గేటు దాటి బయటికి రాగానే, "బిడ్డా, ఇయ్యాల ఏం కూర వండుదాం?" అని మొదలు.

నాకు ఆ సారు పిలుపు భలే నచ్చేది. నా ఉద్యోగం ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో పుస్తకంలో ఎక్కించడం, సెలవు కాగితాలు అహ్మదిలోని మెయిన్ ఆఫీసుకు పంపడం. ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం అడ్మిన్ ఆఫీసర్ అని చెప్పుకునేవాణ్ణి. బి.కాం. సెకండ్ క్లాసు మనిషికి కిటికీ అవతల నిలబడి ఎవరైనా సారూ అంటే ఒళ్ళు తేలిపోదా మరి.

ఇప్పుడు మొదటి తప్పు.

కాకాకు ఒక అక్క ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే పెంచింది ఆమే. ఆమెకు బాగాలేదని కబురు వచ్చిన రోజు ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, "సారు, అక్క నన్ను సూస్తనంటున్నదట. కాగితం జర జల్ది పంపుండ్రి" అని సెలవు దరఖాస్తు ఇచ్చాడు. మేనేజరు ఆ పూటే సంతకం పెట్టేశాడు. కాగితం తిరిగి నా బల్ల మీదికి వచ్చేసరికి మధ్యాహ్నం. నేను అప్పుడు ఊరి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి అన్నంలో కలుపుకుంటున్నాను. అంత ముఖ్యమైన పని మధ్యలో ఉన్నాను కాబట్టి, తిన్నాక పంపుదాంలే అని ఎడంచేత్తో సొరుగు లాగి కుడిచేత్తో అందులో పడేశాను. అది పట్టుకునే రకం సొరుగు. గట్టిగా గుంజితే తప్ప రాదు, గట్టిగా తోస్తే తప్ప పోదు. నేను తోసిన తోపుకు కాగితం వెనక అంచు దాటి బల్ల లోపలికి జారిపోయింది. తర్వాత చేయి కడుక్కున్నాను. ఆ చేత్తోనే కాగితం సంగతి కూడా కడిగేసుకున్నాను.

మూడో రోజు కాకా అడిగాడు. చూసి చెప్తాను అనలేదు నేను. "మందూబ్ దగ్గర ఉండాది కాకా" అనేశాను. మందూబ్ అంటే కంపెనీ కాగితాలు పట్టుకుని ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. మా కంపెనీలో ఏ పని ఆలస్యమైనా మందూబ్ పేరు చెబితే అడిగినవాళ్ళు నిట్టూర్చి వెళ్ళిపోతారు. అయిదో రోజు మళ్ళీ అడిగాడు. నేను ఇంకాస్త కోపం కలిపి, "ఆ మందూబ్ ఉండాడు సూడు, వానికి మనుషులంటే లెక్క ల్యా" అని కాకా తరఫున నేనే తిట్టాను. ఆయన నాకు దండం పెట్టి వెళ్ళాడు.

ఏడో రోజు తెల్లవారి అక్క పోయింది.

అప్పుడు వెతికాను. సొరుగు సందులోంచి మోచేతి దాకా చేయి పెట్టి కెలికితే దొరికింది, నాలుగు మడతలు పడి. దాన్ని చించి పారేసే తెలివి కూడా లేదు నాకు. "మందూబ్ ఇప్పుడు పంపినాడు కాకా" అంటూ తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ముఖం దగ్గరగా పెట్టుకుని ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను.

"ఇగ ఎందుకు సారు. అయిపాయె. ఖలాస్" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని మంచె ఎక్కాడు. ఊరికి పోలేదు.

ఆ రాత్రి రూములో, చాప మీద, నలుగురి మధ్య నన్ను "సారు, అన్నం పెట్టుకోండ్రి" అన్నాడు. మర్నాడు బస్సులో సారు. ఆ మర్నాడు బాత్రూము దగ్గర కూడా సారే. పదిరోజులు బిడ్డా అన్న మాట వినబడలేదు. దుఃఖంలో ఉన్న మనిషి, ఎక్కడున్నాడో మరిచిపోతున్నాడు అని నాకు నేను చెప్పుకున్నాను. నా మీద నేనే తీర్పు చెప్పుకోవలసి వచ్చినప్పుడు నేను చాలా దయగల జడ్జిని.

పదకొండో రోజు పొద్దున ఆయన స్పానరు పట్టుకుని టైమ్ ఆఫీసుకు వచ్చాడు. బూట్లు తలుపు దగ్గర విప్పి, మొట్టమొదటిసారి లోపలికి అడుగుపెట్టాడు. "సారు, మీ సొరుగు పట్టుకుంటున్నట్టున్నది. సూస్త" అన్నాడు. ఏసీ గదిలో నాకు చెమటలు పట్టాయి. ఆయన సొరుగు మొత్తం బయటికి లాగి కింద పెట్టాడు. అందులోని పచ్చడి సీసా, చెంచా, గోళ్ళు తీసుకునేది, ఎన్నడో ఊడిన చొక్కా గుండీలు, నా అడ్మిన్ ఆఫీసరు పరువు మొత్తం నేల మీద బయటపడింది. నాకు వీపు పెట్టి కూర్చుని ఏదో బిగించాడు, ఏదో వంచాడు, రెండు దెబ్బలు తట్టాడు. తిరిగి తోస్తే సొరుగు ఒక్క వేలికి జర్రున లోపలికి పోయింది.

"ఇగ దేన్నీ మింగది సారు" అని బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అప్పుడైనా వెలగాలి కదా. వెలగలేదు. పట్టుకునే వస్తువును చూస్తే ఊరుకోలేని మనిషి, అంతే అనుకున్నాను. ఆ సాయంత్రం అక్క పేరు మీద రూములో అందరికీ వండిపెట్టాడు. పప్పు గరిటెతో తీసి నా ముందు పెట్టి, "బిడ్డా, ఉప్పు సూడు" అన్నాడు. మైల తీరింది కాబట్టి మనసు కుదుటపడింది అనుకున్నాను. ఉప్పు సరిపోయింది అని చెప్పాను.

అయినా లోపల ఆ కాగితం నన్ను తొలుస్తూనే ఉంది. ఎనిమిది నెలలు గడిచాయి. కాకా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి, మళ్ళీ వేయించేది లేదని కంపెనీ చెప్పేసింది. పది రోజుల్లో ఆయన ఇంటికి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేలోపు చెప్పెయ్యాలి, లేకపోతే జన్మలో చెప్పలేను. చెప్పాలంటే ధైర్యం కావాలి. నాకు ధైర్యం కావాలంటే మందు కావాలి. మందు కావాలంటే దేశం మారాలి. కువైట్‌లో చుక్క దొరకదు, తాగి దొరికినవాడు నేరుగా ఎయిర్‌పోర్టుకే, తిరిగి ఇంటికే.

సరిగ్గా అప్పుడు మా వీధి చివర ఒక పచ్చ బోర్డు వెలిసింది. ఇంగ్లీషులో ఐరిష్ పబ్ అండ్ రెస్టారెంట్ అని రాసి ఉంది. అరబ్బీలో మాత్రం మతామ్, అంటే ఉత్త భోజనశాల అనే ఉంది. తెలివైనవాడు ఎవడైనా అరబ్బీది నమ్ముతాడు. నేను ఇంగ్లీషుది నమ్మాను. పబ్ అని రాసే ధైర్యం ఉందంటే లోపల ఏదో ఒక ఏర్పాటు లేకుండా ఉండదు, తెలిసినవాళ్ళకు మాత్రం పోస్తారు, అని నా పరిశోధనలో తేలింది.

"మందు మనకొద్దు బిడ్డా" అన్నాడు కాకా. ఎత్తు ఎక్కడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆయన కల్లు కూడా ముట్టలేదు. "తిండి కూడా ఉంటాది కాకా, నా తృప్తి కోసం రా" అని బతిమాలి శుక్రవారం సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే తీసుకుపోయాను.

లోపల గోడలన్నీ పచ్చరంగు. బల్లల బదులు చెక్క పీపాలు. ఒక గోడకు ఫిడేలు, ఇంకో గోడకు వానలో తడుస్తున్న ఏదో పల్లెటూరి ఫోటో. కాకా పీపాను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ఊగింది. గ్లాసు కింద పెట్టే అట్టముక్క ఒకటి తీసుకుని, మడిచి, పీపా కింద దోపి, మళ్ళీ ఊపి, అప్పుడు కూర్చున్నాడు. కూర్చున్నాక ఆ వాన ఫోటోను చాలాసేపు చూశాడు.

"గీ ఊరు ఏడుంటది బిడ్డా?"

"ఐర్లండు కాకా."

"మస్తు వాన. నాట్లు అయిపోయినట్టున్నయి."

వెయిటరు నేపాల్ మనిషి, నెత్తిన పచ్చటోపీ. నేను పక్కనున్నవాళ్ళకు వినబడకుండా, "భాయ్, వో కాలావాలా, దో" అని మెనూలో నల్ల గ్లాసు బొమ్మ మీద వేలుపెట్టి కన్నుకొట్టాను. కంట్లో దుమ్ము పడిందనుకున్నాడేమో, టిష్యూ ఇచ్చి వెళ్ళాడు. కాసేపటికి రెండు పొడుగు గ్లాసులు వచ్చాయి. నల్లగా, పైన రెండు వేళ్ళ మందం నురగ. మిగతా బల్లల మీద సీసాలున్నాయి, మావి మాత్రం వంటగదిలోనే పోసి తెచ్చాడు. పైగా గ్లాసు చుట్టూ టిష్యూ చుట్టి ఉంది. ఇంకేం కావాలి సాక్ష్యం? గ్లాసు చెమర్చితే చెయ్యి తడవకుండా చుట్టిన టిష్యూ అని నాకు తట్టలేదు. పక్క పీపా దగ్గర ఒక కుటుంబం పిల్లదాని పుట్టినరోజు చేస్తోంది, ఆ పిల్లలు కూడా నల్లటివే తాగుతున్నారు. కోక్ అనుకున్నాను.

కాకా గ్లాసును రెండుసార్లు తట్టాడు. వాసన చూశాడు. నా ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, ఎత్తి ఒక పెద్ద గుక్క తాగాడు. ఇన్నేళ్ళ వ్రతం నా కోసం వదిలేశాడని నా గుండె ఉప్పొంగింది. గ్లాసు దించేసరికి పై పెదవంతా తెల్లటి నురగ. అప్పుడే ఫోన్ తీసి ఫోటో కొట్టాను.

నేను మాత్రం పద్ధతిగా ఎక్కించుకున్నాను. మొదటి గ్లాసుకు చెవులు వేడెక్కాయి. రెండోదానికి నాలుక మందమైంది. మూడోది సగంలో ఉండగా గోడ మీద ఫిడేలు ఊగడం నా కళ్ళారా చూశాను. ఈలోపు పొటేలు మాంసం, ఆలుగడ్డలు వేసి ఉడికించిన కూర వచ్చింది. ఉప్పూ కారం లేని ఆ కూర ఒక ముద్ద తిని, కాకా జేబులోంచి కాగితంలో చుట్టిన పచ్చిమిరపకాయలు తీశాడు. ఎక్కడికి పోయినా అవి ఉంటాయి ఆయన దగ్గర. వెయిటరు ఆశగా చూస్తే అతనికీ ఒకటి ఇచ్చాడు.

"కాకా," అన్నాను, పీపాను రెండు చేతులా పట్టుకుని. "నేను నీకు ద్రోహం చేసినా."

"ముందుగాల కూర తిను. సల్లారుతది."

"మందూబ్ కాదు కాకా. మందూబ్‌ది ఏం తప్పు ల్యా. నీ కాగితం నా సొరుగులోనే పడిండె. ఏడు దినాలు నేను సూడనే ల్యా. నువ్వు అడిగినప్పుడంతా అబద్ధం చెప్పినా. నువ్వు అక్కను సూడకుండా చేసింది నేనే."

ఆ తర్వాత ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. పుట్టినరోజు పిల్ల కేకు కోయడం ఆపి నన్ను చూసింది. కాకా నన్ను చూడలేదు. ఆ వాన ఫోటో వైపే చూస్తూ ఉండిపోయాడు. కోపగించుకుంటాడని, లేకపోతే కానీలే అంటాడని, రెంటిలో ఏదో ఒకటి నా మొహాన పడుతుందని ఎదురుచూశాను.

"గా మందూబ్‌కు గీ ముచ్చట చెప్పు" అన్నాడు చివరికి. "పాపం, ఎనిమిది నెల్లసంది ఆయన్ను తిట్టబడితిమి."

అంతే. క్షమించానని అనలేదు. ప్లేటులోని చివరి ఆలుగడ్డ నా వైపు జరిపాడు.

ఇంటికి వచ్చేటప్పుడు తూలుతూ నడిచాను. ఆయన నా మోచెయ్యి వదలలేదు. లిఫ్టు తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి నన్ను లోపలికి ఎక్కించాడు. పొద్దున లేచేసరికి నా మంచం కోడుకు ఎర్ర ట్యాగు వేలాడుతోంది. నేను నుదురు పట్టుకుని మూలిగితే నిమ్మకాయ నీళ్ళు కలిపి ఇచ్చాడు.

"రాత్రి ఏమన్నా వాగినానా కాకా?" అని అడిగాను. ఎంత పిరికివాణ్ణో చూడండి. చెప్పింది వెనక్కి లాక్కుందామని చూస్తున్నాను.

"ఏమో బిడ్డా. నేను గూడ తాగిన గద. నాకేం యాదికి లేదు" అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఒక్కణ్ణే ఆ పబ్బుకు వెళ్ళి, నేపాల్ అతన్ని పక్కకు పిలిచి, అది ఏం సరుకు అని గొంతు తగ్గించి అడిగాను. అతను గొంతు పెంచి చెప్పాడు, నలుగురూ వినేటట్టు. బార్లీ మాల్టు. బెల్లం పాకం లాంటిది కలిపి, సోడా కొట్టి, నురగ వచ్చేలా పోస్తారు. పిల్లలు బాగా ఇష్టపడతారు, పుట్టినరోజులకు ఎక్కువ పోతుంది. నేను మూడు గ్లాసుల బార్లీ నీళ్ళకు తూలి, ఏడ్చి, మర్నాడు తలనొప్పి కూడా తెచ్చుకున్నాను. ఆ ప్రతిభకు ఏదైనా పతకం ఉంటే నాకే ఇవ్వాలి.

రూముకు వచ్చేసరికి కాకా తన అట్టపెట్టెకు నైలాన్ తాడు బిగిస్తున్నాడు. దాన్ని కూడా ఊపి చూస్తున్నాడు.

"కాకా, అది మందు కాదంట. నీకు తెలుసునా?"

"నోట్ల పెట్టంగనే తెలిసింది. మందు గంత తియ్యగ ఉంటదా ఏడనన్న?"

"మరి నాకు చెప్పల్ల గదా!"

"నువ్వు మంచిగ మాట్లాడుతుంటివి బిడ్డా" అన్నాడు ముడి బిగిస్తూ. "నడుమల ఎందుకు ఆపుడు?"

నా చెవులు ఈసారి నిజంగానే వేడెక్కాయి. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. గుర్తులేదన్నది నా మొహం కాపాడడానికి. కానీ క్షమించాడా లేదా అన్నది మాత్రం ఆ ముడిలాగే బిగుసుకుపోయి ఉండిపోయింది. అడగలేకపోయాను.

"మందూబ్‌కు చెప్పినవా?" అని ఆయనే అడిగాడు.

"చెప్తా కాకా."

ఎయిర్‌పోర్టులో దిగబెట్టినప్పుడు మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

రెండేళ్ళయింది. పోయిన వారం వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "నాయిన పోయిండన్నా. నిద్రలనే పోయిండు. ఫ్లెక్సీకి ఫోటో కావాలె. మా తాన ఉన్నయన్నీ హెల్మెట్ పెట్టుకున్నయే." పదిహేడేళ్ళు కువైట్‌లో ఉండి, రెండేళ్ళు ఊళ్ళో ఉన్న మనిషికి నెత్తి కనబడే ఫోటో ఒక్కటి లేదు. నా ఫోన్‌లో ఉన్నది పబ్బు ఫోటో. అది పంపితే కల్లు కూడా ముట్టని మనిషిని నేను తాగుబోతును చేసి ఊరి నడుమ కట్టినట్టు అవుతుంది. పాత గేటు పాసుల ఫోటోలు కొన్ని నా సొరుగులో ఉండాలని గుర్తొచ్చింది.

సొరుగు ఒక్క వేలికి వచ్చింది. ఆ రోజు నుంచి అది ఎన్నడూ పట్టుకోలేదు. పైన వెతికాను, ఫోటో లేదు. పాత బుద్ధి గుర్తొచ్చి, వెనక పడిందేమోనని సొరుగును మొత్తం బయటికి లాగాను. నేను ఆ పని చేయడం అదే మొదలు. వెనక పడేందుకు సందే లేకుండా ఆయన ఒక రేకు వంచి బిగించి పెట్టాడు. ఆ రేకు అవతల, సొరుగు వెనక చెక్కకు, సన్నటి తీగతో ఒక ట్యాగు కట్టి ఉంది.

పచ్చది.

చూసినవాడి సంతకం తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా. మళ్ళీ చూడవలసిన తేదీ అన్న చోట అడ్డంగా ఒక గీత. ఇంత కచ్చితమైన మనిషి ఆ గడిని ఖాళీగా కొట్టేయడం నేను ఎక్కడా చూడలేదు. చూసిన తేదీ దగ్గర చాలాసేపు ఆగాను. ఆయన స్పానరు పట్టుకుని వచ్చిన రోజు అది. అక్క పోయిన పదకొండో రోజు. సాయంత్రం నన్ను మళ్ళీ బిడ్డా అని పిలిచి ఉప్పు చూడమన్న రోజు.

తీగ ముడి వెనక ఒక కాగితం మడిచి గుచ్చి ఉంది. విప్పాను. ఆయన సెలవు దరఖాస్తే. మూల మీద నూనె మరక, అరచేయంత. ఇన్నేళ్ళకు కూడా గోంగూర వాసన కాస్త మిగిలే ఉంది. మందూబ్ గోంగూర తినడు కదా. ఆయన ఆ రోజు ముక్కు ఎగబీల్చింది ఏడుపు ఆపుకోవడానికి కాదు.

అంటే నేను పచ్చగోడల మధ్య కూర్చుని, మూడు గ్లాసుల బార్లీ నీళ్ళు తాగి, ఫిడేళ్ళు ఊపి మరీ చెప్పిన రహస్యం ఆయనకు ఎనిమిది నెలల ముందే తెలుసు. తెలిసి, పదిరోజులు ఊపి చూసుకుని, పదకొండో రోజు పచ్చ ట్యాగు కట్టేశాడు. నేను ఎక్కడ చూడనో అక్కడ కట్టాడు. అదొక్కటే ఆయన నాకు వేసిన శిక్ష అనుకుంటాను.

బల్ల ముందు నేల మీద కూర్చుని ఏడ్చాను. కిటికీ దగ్గరికి ఎవరో వచ్చి "సార్" అన్నారు, తర్వాత రమ్మన్నాను. ఫోటో దొరకలేదు కాబట్టి పబ్బు ఫోటోనే గ్లాసు కత్తిరించి వాళ్ళబ్బాయికి పంపాను. నురగ తుడవడం నాకు తోచలేదు. ట్యాగును ఎక్కడిది అక్కడే ఉంచి సొరుగు లోపలికి తోశాను.

ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క పని. రెండేళ్ళుగా చేయలేదు. ఫోన్ తీసి అహ్మది ఆఫీసుకు కలిపాను.

"ఐవా," అన్నాడు మందూబ్ అటునుంచి.

చెప్పడం మొదలుపెట్టాను. అప్పటికి నేను చాయ్ కూడా తాగలేదు.